మనకెందుకు?

మన సంఘం కుర్రవాళ్ళు కె.జి.ఎఫ్.లో పది నిమిషాల చిత్రం తీస్తూ నాకూ ఓ వేషమిచ్చారు. కథకు మూలం మన పొరుగునే జరిగింది. 2000 మార్చి 11న, అప్పటి కోలారు జిల్లా చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఇళ్ళకు నిప్పుపెట్టి ఏడుగురు దళితులను సజీవదహనం చేశారు. కోర్టులో సాక్షులు ఎదురు తిరిగారు. 2006లో కోలారు కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. 2014లో హైకోర్టూ ఆ తీర్పునే ఖాయం చేసింది. ఏడు ప్రాణాలు పోయాయి, దోషి మాత్రం ఎవరూ లేరు!

చిత్రంలో నాది మాటల్లేని పాత్ర. కేకలు విని కిటికీ మూసుకునే పొరుగువాణ్ణి. ఒక్క టేకులో అయిపోయింది. "ఎంత సహజంగా చేశారు సార్!" అని పిల్లలు మెచ్చుకుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మార్చిలో నేను బ్యాంకులో కొత్త గుమాస్తాను. వార్త చదివి, పేపరు మడిచి, లెడ్జరు తెరిచాను. మరుసటి ఏడు, 2001 ఫిబ్రవరి 28న, మన బంగారు గనులు మూసేసినప్పుడు మాత్రం "లోకానికి మన గోడు పట్టదా?" అని అందరితోపాటు నేనూ అడిగాను. అడిగే హక్కు నాకుందా?

సాక్షి ఒంటరివాడు గనకే భయపడతాడు. వెనక పదిమంది నిలబడితే నోరు విప్పుతాడు. పాఠక మిత్రులారా, ఈ చిత్రాన్ని పిల్లలతో కలిసి చూడండి. ఈసారి "మనకెందుకు?" అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి.