కంప్యూటర్ కారు మలుపు ఎలా తిరుగుతుంది?

మీరు సైకిలు మీద వేగంగా వస్తూ, ఇసుక పరచుకున్న మలుపులో హ్యాండిలు తిప్పారనుకోండి. ఏమవుతుంది? హ్యాండిలు తిరుగుతుంది గాని సైకిలు తిరగదు, మోకాళ్ళు చెక్కుకుపోతాయి. కంప్యూటర్ పందెం ఆటల్లో కొన్ని కార్లు ఎంత వేగంలోనైనా చెప్పినట్లు తిరుగుతాయి. మరికొన్ని మొదటి మలుపులోనే గిరికీలు కొట్టి గడ్డిలో పడతాయి. ఎందుకీ తేడా?

ముందు నిజమైన కారు సంగతి చూద్దాం. కారు మలుపు తిరగాలంటే దాన్ని మలుపు కేంద్రం వైపు లాగే బలం కావాలి. దీన్ని అభికేంద్ర బలం అంటారని మీరు చదివే వుంటారు. ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య వుండే ఘర్షణే. వేగం రెట్టింపయితే కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. ఘర్షణ మాత్రం పెరగదు. ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, 50 మీటర్ల వ్యాసార్ధం గల చదునైన మలుపులో గంటకు సుమారు 71 కిలోమీటర్లే హద్దు. అది దాటితే కారు జారిపోతుంది.

ఇప్పుడు ‘ఔట్‌రన్’ అనే ఆట చూడండి. జపాన్‌లోని సెగా కంపెనీలో యు సుజుకి రూపొందించిన ఈ ఆట 1986లో వెలువడింది. ఇది నాణెం వేసి ఆడే యంత్రం. ఇందులోని ఎర్రకారు గంటకు 290 కిలోమీటర్లు దాటుతుంది. మన లెక్క ప్రకారం అంత వేగానికి మలుపు వ్యాసార్ధం 800 మీటర్లకు మించి వుండాలి. మరి ఆ కారు ఎలా తిరుగుతోంది?

అది తిరగనే తిరగదు! యంత్రం రోడ్డును సన్నని అడ్డగీతలుగా గీస్తుంది. ఒక్కొక్క గీతను కాస్త కాస్త పక్కకు జరిపితే రోడ్డు వంగినట్లు కనిపిస్తుంది. చెట్లన్నీ బల్లపరుపు బొమ్మలు. దగ్గరకు వచ్చేకొద్దీ వాటిని పెద్దవి చేస్తుంది. మలుపులో కారును కొంచెం వెలుపలికి నెడుతుంది. దాన్ని మీరు స్టీరింగుతో వెనక్కి తెచ్చుకోవాలి, అంతే. కారు పల్టీలు కొట్టినా అందులోని ఇద్దరూ మళ్ళీ ఎక్కి కూర్చుంటారు. దీన్ని మోసం అనకండి. నాణెం వేసిన కొత్తవాడికి నిమిషంలోపే సరదా పుట్టాలి గదా! ఆ పని అది చక్కగా చేస్తుంది.

1998లో పాపిరస్ సంస్థ తయారుచేసిన ‘గ్రాండ్ ప్రీ లెజెండ్స్’ ఇందుకు పూర్తిగా భిన్నం. ఇందులోవి 1967 నాటి పందెపు కార్లు. వాటిని నేలకు అదిమిపట్టే రెక్కలు లేవు. ఇక్కడ కంప్యూటర్ ప్రతి టైరు పట్టునూ క్షణక్షణం లెక్కకడుతుంది. ఆ లెక్క సరదాగా వుంటుంది, వినండి.

టైరు పట్టును ఒక రూపాయి అనుకోండి. బ్రేకుకూ మలుపుకూ ఖర్చు అందులోంచే. 80 పైసలు బ్రేకుకు వాడితే మలుపుకు మిగిలేది 20 పైసలేనా? కాదు, 60 పైసలు! ఈ రెండు బలాలూ లంబకోణంలో వుంటాయి కనుక పైథాగరస్ సిద్ధాంతం వర్తిస్తుంది: 80 వర్గమూ 60 వర్గమూ కలిపితే 100 వర్గం. కాని రూపాయి మొత్తం బ్రేకుకే పోస్తే మలుపుకు మిగిలేది సున్న. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రాల మీదికి మొగ్గుతుంది. తేలికపడిన వెనక చక్రాలు పట్టు వదిలితే కారు గిర్రున తిరిగిపోతుంది.

ఇంత లెక్క కట్టినా ఒకటి తక్కువే. కారు జారబోతుంటే నిజమైన డ్రైవరుకు ఆ సంగతి నడుముకూ వీపుకూ ముందుగా తెలుస్తుంది. తెర ముందు కూర్చున్నవారికి కళ్ళూ చెవులే దిక్కు. అందుకే, నా మట్టుకు, ఇలాంటి ఆట ఒక్కొక్కసారి నిజం కారుకన్నా కష్టమనిపిస్తుంది. 1989లో అటారీ గేమ్స్ వారి ‘హార్డ్ డ్రైవిన్’ యంత్రంలో చేతులకు ఎదురునెట్టే స్టీరింగు పెట్టింది ఈ లోటు కొంతైనా తీర్చడానికే.

మీకు దొరికిన ఏ పందెం ఆటనైనా మీరే పరీక్షించవచ్చు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు సహాయం వుంటే ముందుగా దాన్ని ఆపివేయండి. పూర్తి వేగంలో బ్రేకు గట్టిగా నొక్కి, స్టీరింగు పూర్తిగా తిప్పండి. కారు బుద్ధిగా తిరిగిందా? అక్కడ రూపాయికి లెక్కలేదన్నమాట. ముక్కు తిప్పకుండా తిన్నగా పోతోందా? బ్రేకు మీద ఒత్తిడి కాస్త తగ్గించి చూడండి, ముక్కు తిరగడం మొదలవుతుంది.