గడగడా చదివాడు... సంగతి చెప్పలేకపోయాడు!
పల్లె బడుల్లో అర్థం చేసుకునే చదువుకు కరవు - 'ఏ మాటను బట్టి?' అని అడిగితే చాలంటున్న తెలుగు పండితులు

శ్రీకాకుళం: జిల్లాలోని ఒక పల్లెలో ఓ సన్నకారు రైతుకు పోస్టులో కాగితం వచ్చింది. ఆయనకు వేలిముద్రే గాని సంతకం రాదు. తొమ్మిదో తరగతి చదువుతున్న కొడుకును కేకేశాడు. "ఓరి గుంటడా! ఇదేటో సదువు" అన్నాడు. కుర్రాడు అరుగు మీద కూర్చుని పై నుంచి కింది దాకా గడగడా చదివేశాడు. ఒక్క ఒత్తు తప్పలేదు, ఒక్క దీర్ఘం జారలేదు.

"ఇంతకీ ఏటంతన్నారు?" అని అడిగాడు తండ్రి.

కుర్రాడు కాసేపు కాగితం వైపు చూశాడు. "వడ్డీ తగ్గిస్తారట నాన్నా" అన్నాడు. తండ్రి సంబరపడి కాగితాన్ని దూలం సందులో దోపాడు.

కాగితంలో ఉన్న సంగతి వేరు. పంట అప్పు గడువులోగా తీర్చిన వారికే వడ్డీ రాయితీ ఉంటుందని, తీర్చని యెడల వర్తించదని అందులో రాసి ఉంది. ఆ రైతుకు ఈ సంగతి గడువు దాటిపోయాక గాని తెలియలేదు. 3 లక్షల రూపాయల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. సకాలంలో కడితే అందులో 3 శాతం కేంద్రం భరిస్తుంది, రైతుకు 4 శాతమే పడుతుంది. ఆయన అప్పు 60 వేలు. ఆ 3 శాతం లెక్కన ఏడాదికి 1,800 రూపాయలు చేజారాయి. ఇంచుమించు 80 కిలోల ధాన్యం బస్తా ఒకటి గాలికి పోయినట్టే. 'తీర్చని యెడల' అన్న రెండు మాటలు పట్టుకోలేకపోయినందుకు పడిన జరిమానా అది.

ఆ కుర్రాడు మొద్దు కాదు. తెలుగులో వాడికి మంచి మార్కులే వస్తున్నాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

గిబ్బరుడి కథ

ఈ చిక్కును విప్పి చూపడానికి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న ఓ తెలుగు పండితులు తరగతిలో చిన్న తమాషా చేస్తుంటారు. నల్లబల్ల మీద ఇలా రాస్తారు: "గిబ్బరుడు మొల్లకంత పక్కన టుమ్మిని లబ్బించాడు. అందువల్ల చెప్పడికి పిత్తడం కలిగింది."

తర్వాత ప్రశ్నలు వేస్తారు. టుమ్మిని లబ్బించింది ఎవరు? "గిబ్బరుడండీ!" అని తరగతంతా ఒక్క గొంతుతో అంటుంది. ఎక్కడ లబ్బించాడు? "మొల్లకంత పక్కనండీ!" ఎవరికి పిత్తడం కలిగింది? "చెప్పడికండీ!" మూడుకు మూడు మార్కులు వచ్చేశాయి. అప్పుడు ఆయన నవ్వుతూ "అయితే టుమ్మి అంటే ఏమిటర్రా?" అంటారు. తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే అది ఏ భాషలోనూ లేని మాట.

అర్థం తెలియకుండానే జవాబు రాయవచ్చన్నమాట! ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని దించేస్తే పని అయిపోతోంది. మిగిలిన కొరత గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు తీరుస్తున్నాయి. కవి పరిచయం, పాఠ్యభాగ సారాంశం, పాత్ర స్వభావం అన్నీ వండి వార్చినవే దొరుకుతుంటే పిల్లవాడు పాఠం జోలికి పోవలసిన అవసరం ఏముంది?

అయితే పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో అపరిచిత గద్యం అనే భాగం ఉంటుంది. పుస్తకంలో లేని పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతారు. దాన్ని ఏ గైడూ ముందుగా చెప్పలేదు. బట్టీ వేసిన పిల్లలు అక్కడ తెల్లమొహం వేస్తున్నారని ఉపాధ్యాయులే ఒప్పుకుంటున్నారు.

కింది తరగతుల పరిస్థితి చూస్తే ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. ప్రథమ్ సంస్థ దేశంలోని పల్లెల్లో జరిపే 'అసర్' సర్వే 2024 లెక్కల ప్రకారం, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన వారు ఇంచుమించు సగం మందే. మూడో తరగతికల్లా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జూలైలో 'నిపుణ్ భారత్' కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. పునాది వేయడం ఒక ఎత్తు. ఉన్నత పాఠశాలలో దాని మీద గోడ లేపడం మరో ఎత్తు.

తాత గునపం ఎందుకు అడిగాడు?

గోడ ఎలా లేపాలో ఆ పండితులు పాటిస్తున్న పద్ధతి చూస్తే తెలుస్తుంది. వారానికి ఒక పీరియడు ఆయన పాఠ్యపుస్తకం మూయించేస్తారు. తానే నాలుగైదు వాక్యాల పేరా రాసి ఇస్తారు. ఉద్దానం పిల్లలకు తెలిసిన సంగతితో రాసిన ఒక పేరా ఇది:

"తిత్లీ తుపాను వెళ్ళిన మర్నాడు తాత కొబ్బరి తోటకు వెళ్ళాడు. పడిన చెట్లను లెక్కపెట్టలేదు. నిలబడిన చెట్లను లెక్కపెట్టాడు. ఏడు ఉన్నాయి. ఇంటికి వచ్చి మనవరాలిని పిలిచి, గునపం ఎక్కడుందే అని అడిగాడు."

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఎలా నేలమట్టం చేసిందో ఈ పిల్లల ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు.

మొదట పిల్లలు మౌనంగా చదవాలి. కలం ముట్టుకోకూడదు. తర్వాత ఒకరు పైకి చదవాలి. ఆ తర్వాత కాగితం బోర్లా పెట్టి ఎవరికి వారు సొంత మాటల్లో చెప్పాలి. అప్పుడే ప్రశ్నలు మొదలవుతాయి. అవి నాలుగు మెట్లుగా ఉంటాయి.

మొదటి మెట్టు, పేరాలో ఉన్నది ఉన్నట్టు చెప్పేది: ఎన్ని చెట్లు నిలిచాయి? ఏడు. రెండో మెట్టు, రెండు వాక్యాలను కలిపి చెప్పేది: తోటకు వెళ్ళిన రోజే గునపం అడిగాడా? అవును, తోట నుంచి ఇంటికి రాగానే అడిగాడు. మూడో మెట్టు, రాయకుండా వదిలేసింది పట్టుకునేది: తాత గునపం ఎందుకు అడిగాడు? నాలుగోది, చదివినవాడి అభిప్రాయం: ఆ తాత ఎలాంటి మనిషి?

మూడో మెట్టు దగ్గర తరగతి వేడెక్కుతుంది. "మోడులు పెకలించడానికండీ" అంటాడొకడు. "కొత్త మొక్కలకు గోతులు తీయడానికి" అంటాడు ఇంకొకడు. ఏది తప్పో ఆయన చెప్పరు. ఇద్దరినీ ఒకటే అడుగుతారు: "ఏ మాటను బట్టి?"

మొదటివాడు పడిన చెట్ల మాట చూపిస్తాడు. రెండోవాడు ఆలోచించి, "పడినవి లెక్కెట్టలేదు గదండీ. పోయిన దాని గురించి అనుకునేవాడైతే అవే ముందు లెక్కెట్టును" అంటాడు. చివరి బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఒకరోజు లేచి, "మనవరాలినే ఎందుకు పిలిచినాడండీ? కొబ్బరి కాపుకొచ్చే సరికి ఆరేడేళ్ళు పడతాది. ఆ కాయలు తాత తింటాడో లేదో. ఆ పిల్ల కోసమే గోతులు తీస్తాడు" అన్నది.

ఆ మాట పేరాలో ఎక్కడా రాసి లేదు. అయినా 'మనవరాలిని పిలిచి' అన్న ఒక్క మాటలో అదంతా ఉంది. పరీక్షల భాషలో దీన్ని సాహిత్య విశ్లేషణ అంటారు. పేరు పెద్దది గాని పని ఇంతే. రాసినవాడు ఏ మాట వాడాడు, ఏ మాట వదిలేశాడు, ఎందుకు అని నిదానంగా చూడడం. ఇష్టం వచ్చినట్టు ఊహించడానికి మాత్రం ఇందులో తావు లేదు. ఏ మాటను బట్టి చెబుతున్నావో చూపించాలి. చూపించలేకపోతే జవాబు చెల్లదు.

తాతల నాటి విద్యే

ఇదేదో కొత్తగా దిగుమతి అయిన విద్య అనుకుంటే పొరపాటు. పద్యం దొరికితే ముందు పదాలు విడగొట్టడం, అన్వయం కుదర్చడం, ప్రతిపదార్థం చెప్పడం, ఆ తర్వాతే తాత్పర్యం చెప్పడం మన పాత బడుల్లో నడిచిన క్రమమే. అన్వయం అంటే ఏ మాట ఏ మాటతో ముడిపడుతుందో చూడడం. ఆ ముడి తెలియకనే 'తీర్చని యెడల' అన్నది కుర్రాడి కంట పడీ పడనట్టు జారిపోయింది. కాలక్రమంలో ప్రతిపదార్థం కూడా బట్టీ వ్యవహారం అయిపోయి, క్రమం మిగిలింది గాని ప్రాణం పోయింది.

అక్షరం ముక్క రాని పెద్దలు కూడా ఒకప్పుడు ఈ విద్యలో ఆరితేరినవారే. రాత్రి హరికథ విని, తెల్లారి రచ్చబండ మీద కర్ణుడు చేసింది ధర్మమా కాదా అని వాదించుకునేవారు. ఎదుటివాడు ఒక మాట అంటే "ఎక్కడన్నాడు? ఎప్పుడన్నాడు?" అని నిలదీసేవారు. ఆ నిలదీతకూ పండితులు అడిగే ప్రశ్నకూ తేడా ఏముంది?

గిడుగు పుట్టిన గడ్డ

చదివింది అర్థం కావాలని పట్టుబట్టిన మహానుభావుడు పుట్టింది ఈ జిల్లాలోనే. గిడుగు రామమూర్తి పంతులు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. బడి పుస్తకాల భాష ఒకటి, పిల్లల నోటి భాష మరొకటి అయితే చదువు తలకెక్కదని ఆయన వాదించారు. 1907 ప్రాంతంలో ఈ వైపు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్ దొర కూడా తెలుగు పాఠాలు చెబుతున్న తీరు మీద ఇలాంటి సందేహాలే లేవనెత్తారు. వ్యావహారిక భాషోద్యమం అక్కడి నుంచి ఊపందుకుంది. గిడుగు వారు అంతటితో ఆగక సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి మాటల్లోనే చదువు చెప్పించే ఏర్పాటు చేశారు. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాషగా సాగే ఏజెన్సీ పిల్లల కష్టం నూరేళ్ళ కిందటే ఆయన కంటికి ఆనింది.

కథల మేస్టారు కాళీపట్నం రామారావు కూడా ఈ జిల్లా మనిషే. 1924లో మురపాకలో పుట్టి, బడిపంతులుగా జీవించి, 2021లో కన్నుమూశారు. పేరుపడ్డ ఆయన కథ 'యజ్ఞం'లో ఒక అప్పు తగాదా ఊరి పంచాయితీకి ఎక్కుతుంది. న్యాయం ఎవరి వైపు ఉందన్నది చదివినవారు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. తెలుగు కథలన్నీ ఒక్కచోట దొరకాలని ఆయన తలపెట్టిన కథానిలయం 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తలుపులు తెరిచింది. అంతటి కథల ఇల్లు జిల్లా కేంద్రంలో ఉండగా, పల్లె బడిలో కథల పుస్తకం బీరువాలో తాళం వేసి ఉండడం విచారకరం.

తల్లిదండ్రులు ఏం చేయవచ్చు?

చదువు రాని తల్లిదండ్రులు కూడా ఇందులో సాయం చేయవచ్చని ఉపాధ్యాయులు చెబుతున్నారు. బిడ్డ చేత రోజూ పత్రికలో ఒక వార్త చదివించాలి. చదివాక కాగితం పక్కన పెట్టించి "సంగతేటి?" అని అడగాలి. చెప్పిన తర్వాత "అలాగని ఎక్కడుంది?" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు అక్షరాలు రానవసరం లేదు.

ఇంట్లోకి వచ్చే ప్రతి కాగితమూ పాఠమే. పురుగుమందు డబ్బా మీద త్రికోణం ఏ రంగులో ఉంది, ఎరుపు అయితే దాని అర్థం ఏమిటి, కోతకు ఎన్ని రోజుల ముందు చల్లడం ఆపమన్నారు అని బిడ్డతో చదివించి చెప్పించుకోవాలి. ఎరుపు అంటే అన్నిటికంటే విషం ఎక్కువన్నమాట. బ్యాంకు నోటీసు అయినా, భూమి కాగితం అయినా 'మినహా', 'లోగా', 'యెడల', 'మాత్రమే' అనే మాటల దగ్గర ఆగి మరోసారి చదవమనాలి. లాభం, నష్టం ఈ చిన్న మాటల్లోనే దాగి ఉంటాయి.

బడుల్లోనూ చేయవలసినవి కొన్ని ఉన్నాయి. టైంటేబులులో ఉన్న లైబ్రరీ పీరియడును లెక్కల రివిజనుకు మళ్ళించకుండా చూడాలని, బీరువాల్లోని పుస్తకాలు పిల్లల చేతికి ఇవ్వాలని, చిరిగిపోతే చిరిగిపోయాయని ఊరుకోవాలని తెలుగు ఉపాధ్యాయులు కోరుతున్నారు. పిల్లవాడు సొంత మాటల్లో రాసిన జవాబుకు, అది గైడులో మాదిరిగా లేకపోయినా, మార్కులు వేసే ధైర్యం దిద్దేవారికి ఉండాలని కూడా వారంటున్నారు.

మొదట చెప్పుకున్న రైతు ఇంటికి ఈ మధ్య మరో కాగితం వచ్చింది. ఈసారి కుర్రాడు గడగడా చదవలేదు. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. "నెలాఖరు లోగా కట్టమంటన్నారు నాన్నా. లేకపోతే రాయితీ రాదు" అన్నాడు.

"ఎక్కడుందిరా ఆ మాట?" అన్నాడు తండ్రి.

కుర్రాడు కాగితం తిప్పి, 'లోగా' అన్న మాట మీద వేలు పెట్టి చూపించాడు. తండ్రికి ఆ అక్షరాలు రావు. అయినా చాలాసేపు అక్కడే చూశాడు. ఈసారి కాగితం దూలం సందులోకి పోలేదు. చొక్కా జేబులోకి పోయింది.