మోటారు సైకిలు సైలెన్సరు - గ్రామ ప్రశాంతి

ఇటీవల మేము ఒక గ్రామసభకు పోయి యుంటిమి. మంచినీటి కుళాయిలు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఈ విషయములపై చర్చ ముగియుచుండగా వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు లేచి నిలువబడినది. "సర్పంచి బాబూ! కాలువ సంగతి రేపు చూద్దురు గాని, రాత్రిపూట ఆ మోటారు సైకిళ్ల మోత ముందు ఆపించండి. మా కోడలు పచ్చి బాలింత. బిడ్డకు కంటిమీద కునుకు లేదు" అన్నది. సభలోని ఒక యువకుడు నవ్వుచు, "బుల్లెట్టు బండి అన్న తరువాత చప్పుడు ఉండదా, అవ్వా? మా డబ్బుతో మేము బిగించుకున్నాము" అని బదులు చెప్పెను. సర్పంచిగారు కొంత తడవు ఆలోచించి, "ఇది పోలీసువారి పని గదా, పంచాయతీకి ఏమి అధికారమున్నది?" అనిరి. ఆ దినమున ఏ తీర్మానమును చేయకయే సభ ముగిసినది.

ఆ సభనుండి మేము మూడు ప్రశ్నలతో తిరిగి వచ్చితిమి. ఈ చప్పుడు బండికి సహజమైనదా? దీనివలన నిజముగా హాని కలదా? పంచాయతీ చేయదగినది ఏమైనను ఉన్నదా? ఈ మూడింటికిని సమాధానము తెలిసికొనుట ప్రతి పంచాయతీ సభ్యునకు అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సైలెన్సరు చేయు పని

మోటారు సైకిలు ఇంజనులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి మండును. ఆ మంటవలన పుట్టిన వాయువులు పిస్టనును త్రోసి పని చేయించి, ద్వారము తెరచుకొనగానే గొప్ప ఒత్తిడితో బయటికి దుముకును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి ఇట్లు జరుగును. ఒకే సిలిండరు గల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 25 మార్లు ఈ ప్రేలుడు వెలువడుచుండును. దానిని అణచు సాధనము లేనియెడల బండి వెళ్లిన దారి పొడవునను తుపాకులు ప్రేల్చినట్లే యుండును.

మోటారు వాహనములు పుట్టిన తొలినాళ్లలోనే ఈ బాధ జనులకు అనుభవమునకు వచ్చినది. అమెరికా దేశమునందు మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అను సోదరులు 1897లోనే ఇంజను చప్పుడును తగ్గించు సాధనమునకు పేటెంటు పొందిరి. నేటి సైలెన్సరు లోపల చిన్న చిన్న గదులు, చిల్లుల గొట్టములు ఉండును. వాయువు ఒక గదినుండి మరియొక గదికి మలుపులు తిరుగుచు పోవును. గోడలకు తగిలి వెనుకకు మరలిన శబ్ద తరంగములు ముందుకు వచ్చు తరంగములను కలిసికొని ఒకదానినొకటి చంపుకొనును. కట్టకడకు మిగిలిన కొద్దిపాటి శబ్దమే మనకు వినవచ్చును.

బజారులో అమ్ముచున్న మోత సైలెన్సరులలో పెక్కింటికి ఈ గదులు లేవు. నిలువుగా ఒక చిల్లుల గొట్టము, దాని చుట్టును గాజుదూది, అంతే. కొన్నింటి మూతివద్ద చప్పుడును తగ్గించు చిన్న అడ్డుబిళ్ల ఉండును. దానిని మెకానిక్కులు డీబీ కిల్లరు అందురు. యువకులు మొట్టమొదట ఊడదీయునది దానినే. గాజుదూది వేడికి కాలి, కొన్నాళ్లకు గాలిలో కలిసిపోవును. అందుచేత ఇట్టి సైలెన్సరు చప్పుడు కాలము గడచిన కొలది పెరుగునే గాని తగ్గదు.

బుల్లెట్టు మాట

బుల్లెట్టు చప్పుడును గూర్చి ఆ యువకుడు పలికిన మాటలో కొంత నిజము లేకపోలేదు. 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన నాటినుండి ఈ బండి మన ఊళ్లకు చిరపరిచితము. పాత బుల్లెట్టులో సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. సిలిండరు ఒక్కటే. చక్రము బరువైనది గావున ఇంజను నిదానముగా తిరుగును. నిలిచియున్న బండి నిమిషమునకు సుమారు 1,000 చుట్లు తిరిగినచో సెకనుకు ఎనిమిది మార్లు మాత్రమే ప్రేలును. చెవి వానిని వేరువేరుగా పట్టుకొనగలదు. ఆ దడదడ ఇంజను నిర్మాణమునుండి పుట్టినది. దానిని ఎవరును తప్పు పట్టనక్కరలేదు.

అయితే ఈ దడదడ కంపెనీ సైలెన్సరు ఉండగనే మనవారు విన్నది, మెచ్చినది. ఒకప్పుడు ఊరి మునసబుగారి బుల్లెట్టు వచ్చుచున్నదని పొలిమేరలోనే గుర్తుపట్టినవారు దానివలన నిద్ర చెడినదని చెప్పలేదు. బండి స్వరము వేరు, దానిని విరుగగొట్టి తీసిన కేక వేరు.

లెక్కలు చెప్పునది

శబ్దమును డెసిబెళ్లలో కొలుతురు. ఈ లెక్క సాధారణమైన లెక్క కాదు. 10 డెసిబెళ్లు పెరిగినచో శబ్దశక్తి పది రెట్లగును, 20 పెరిగినచో 100 రెట్లగును. కర్మాగారమునుండి వెలువడు ద్విచక్ర వాహనములకు మన దేశమున పరిమితులు కలవు. 80 సీసీ వరకు 75 డెసిబెళ్లు, 80 మొదలు 175 సీసీ వరకు 77, ఆపైన 80. బండి సాగిపోవుచుండగా 7.5 మీటర్ల దూరమునుండి వీనిని కొలుతురు.

77 డెసిబెళ్ల బండికి మోత సైలెన్సరు బిగించి 97 చేసిరనుకొందము. అనగా ఒక్క బండి నూరు బండ్ల పెట్టు శబ్దము చేయుచున్నదన్నమాట. ఆరుబయట దూరము రెట్టింపైన కొలది శబ్దము సుమారు 6 డెసిబెళ్లు తగ్గును. ఆ లెక్కన 120 మీటర్ల దూరమునందు గూడ అది 73 వద్ద నిలుచును. ఇరువైపుల గోడలున్న ఇరుకు వీధిలో అంతగానైనను తగ్గదు. నివాస ప్రాంతములందు పగలు 55, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు 45 డెసిబెళ్లు మించరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి చెప్పుచున్నది. వృద్ధురాలి ఫిర్యాదు ఎంత న్యాయమైనదో ఈ అంకెలే చెప్పుచున్నవి. పసిబిడ్డలు, రోగులు, పరీక్షలకు చదువుకొను పిల్లలు, పగలెల్ల చేనిలో పనిచేసి అలసి పడుకొన్న కూలీలు, అందరి నిద్రయు ఒక్కని వినోదమునకు బలియగుచున్నది.

యువకులు చెప్పు కారణములు

"బండి బలము పెరుగును" అని కొందరందురు. పందెపు బండ్లకు గొట్టముతోబాటు పెట్రోలు, గాలి పాళ్లను గూడ మార్చుదురు గనుక కొంత లాభముండవచ్చును. వట్టి గొట్టము మార్చినందువలన ఊరి రోడ్డుపై పెరుగునది చప్పుడే. చప్పుడు పెరిగినందున వేగము పెరిగినట్లు తోచును. పైగా పాళ్లు చెడి ఇంజను వేడెక్కుట, వేగము తగ్గించినపుడు గొట్టములో టపటప ప్రేలుట కద్దు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన బీఎస్-6 ప్రమాణముల బండ్లలో పొగలోని విషవాయువులను శుద్ధిచేయు కన్వర్టరు గొట్టములోనే అమర్చబడి యుండును. గొట్టముతోబాటు దానిని గూడ తీసివేసినచో ఆ విషమంతయు మన వీధిలోనే కలియును.

"చప్పుడు వినినచో జనులు, పశువులు దారి తొలగుదురు" అని మరికొందరందురు. గొట్టము మూతి వెనుకకు ఉండును. మోతలో ఎక్కువ భాగము దాటిపోయిన వారికే వినవచ్చును. ముందున్న గేదె ఆ మోతకు బెదరి ప్రక్కకు పోవుటకు బదులు రోడ్డుకు అడ్డము వచ్చుటయు గలదు. హెచ్చరించుటకు హారను ఉండనే ఉన్నది.

మూడవ కారణము ఆలకింపదగినది. పాత సైలెన్సరు తుప్పుపట్టి చిల్లు పడినపుడు కంపెనీ సరకు కొనలేక చౌకదానిని బిగించుకొన్న పేదవాడును ఉండును. ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. బండిని వేడెక్కనీయక దగ్గర దూరములకే నడుపువారి సైలెన్సరులో ఆ ఆవిరి నీరై నిలిచి లోపలినుండి తినివేయును. అట్టివానిని మోతగాడని నిందింపరాదు. చిల్లు చిన్నదైనచో వెల్డింగు చేయించుకొమ్మనియు, మార్చక తప్పనిచో ఆ బండి నమూనాకు ఆమోదము పొందిన సైలెన్సరునే కొనుమనియు చెప్పవలెను.

బిగించునపుడు గూడ కొన్ని మెలకువలు అవసరము. ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే పని మొదలుపెట్టవలెను. ఇంజను తలవద్ద పాత గాస్కెటును తీసివేసి క్రొత్తది వేయవలెను. నట్లన్నిటిని ముందు వదులుగా తగిలించి, తరువాత కొంచెము కొంచెముగా బిగించవలెను. సైలెన్సరు టైరునకు గాని, బ్రేకు పెడలుకు గాని తగులకుండ చూడవలెను. బండిని నడిపించి అతుకులవద్ద పొగ చిమ్ముచున్నదేమో పరీక్షింపవలెను. అతుకు లీకైనచో మంచి సైలెన్సరును మోతదే యగును.

చట్టము

కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 1989లోని 120వ నియమము ప్రకారము వ్యవసాయ ట్రాక్టరుతో సహా ప్రతి మోటారు వాహనమునకు చప్పుడును వీలైనంత తగ్గించు సైలెన్సరు ఉండితీరవలెను. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 నాటి సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల జరిమానా, లేక రెండును విధించినది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణములను అతిక్రమించి బండి నడిపినచో మొదటి తప్పునకే మూడు నెలల వరకు జైలు, లేక 10,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును, వానితోబాటు మూడు నెలలు లైసెన్సునకు అనర్హతయు ఆ సవరణలో కలవు. హైదరాబాదు, విశాఖపట్నము నగరములందు పోలీసువారు పట్టుకొన్న మోత సైలెన్సరులను రోడ్డు రోలరుతో తొక్కించిరి. ప్రశాంతముగా జీవించుట రాజ్యాంగములోని 21వ అధికరణము ఇచ్చిన జీవించు హక్కులోని భాగమేయని సుప్రీంకోర్టు 2005లో శబ్దకాలుష్యముపై ఇచ్చిన తీర్పులో స్పష్టపరచినది.

పంచాయతీ చేయదగినది

సర్పంచిగారు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వత్తము. ఈ చట్టము క్రింద బండిని ఆపి తనిఖీ చేయుట, జరిమానా విధించుట పోలీసు, రవాణా శాఖలవారి అధికారములు. పంచాయతీ సభ్యులు బండ్లను పట్టుకొనుట, తాళపు చెవులు లాగుకొనుట, సైలెన్సరు ఊడబెరకుట తగదు. అట్లు చేసినచో ఫిర్యాదు చేయవలసినవారే ముద్దాయిలగుదురు. అయినను పంచాయతీ చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పనిలేదు.

మొదట తన ఇల్లు చక్కబెట్టుకొనవలెను. తెలంగాణమందు పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరులు సమకూడినవి. పంచాయతీ ట్రాక్టరు గొట్టమే చిల్లుపడి ఊరెల్ల మారుమ్రోగించుచుండగా యువకునికి నీతి చెప్పినచో ఎవరు విందురు? సభ్యుల బండ్లను, వారి కుమారుల బండ్లను గూడ ముందుగా చూచుకొనుట మర్యాద.

రెండవది, ఊరిలోని మెకానిక్కుతో మాటలాడవలెను. ఊరి బండ్లలో పెక్కింటికి మోత గొట్టము బిగించునది ఆయన చేయియే. చట్టము సంగతి చెప్పి, తీసిన పాత సైలెన్సరులను పారవేయక బండి యజమానులకే అప్పగింపుమని కోరవలెను. మనసు మార్చుకొన్నవాడు ఖర్చు లేకుండ దానినే తిరిగి బిగించుకొనగలడు.

మూడవది, యువకులను గ్రామసభకు పిలిచి, బాలింతరాలిని, రోగిని, విద్యార్థిని వారి ఎదుటనే మాటలాడనీయవలెను. ఒక గడువు పెట్టి తీర్మానము చేయవలెను. గడువు దాటినను మారని బండ్ల నంబర్లను, తిరుగు వేళలను వ్రాసి, తీర్మానపు నకలుతో పోలీసు స్టేషనునకు, రవాణా శాఖ కార్యాలయమునకు పంపవలెను. "ఎవరో బండి నడుపుచున్నారు" అను ఫిర్యాదుకంటె నంబరు, వేళ గల ఫిర్యాదుపై చర్య తీసికొనుట సులభము.

ఆ యువకుడు చెడ్డవాడు కాడు. తన రాకను ఊరు గుర్తింపవలెనని అతనికి ఆశ. ఆ వయస్సున అది సహజమే. ఊరు అతనిని నిద్రచెరుపువాడుగా కాక పనికివచ్చు మనిషిగా గుర్తించునట్లు చేయుట పెద్దల చేతిలోనున్నది. వైద్యశాలకు పోవలసినవారిని రాత్రివేళ తన బండిపై చేర్చు యువకుని పేరు ఏ చప్పుడు లేకుండనే ఊరెల్ల వ్యాపించును.

రాబోవు గ్రామసభలో కాలువలు, దీపములతోబాటు ఈ విషయమును గూడ కార్యక్రమ పట్టికలో చేర్పుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. బిడ్డ కంటిమీద కునుకు తెచ్చుటకు నిధులు మంజూరు కానక్కరలేదు. ఒక తీర్మానము, కొంత ఓర్పు ఉన్నచో చాలును.