కోణాల అక్షరానికి మూడు ఊళ్ల పరీక్ష

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. మూడింటికీ ఒత్తులున్నాయి. ఇంగ్లిష్ సినిమా పోస్టర్ల మీద కనిపించే లావుపాటి, కోణాలు తేలిన అక్షరాలను తెలుగులోకి తేవాలనుకునేవారికి అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది.

ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తున నిలబడతాయి. గీతల కొసన ఉండే చిన్న తోకలు తీసేస్తే అది సాన్స్ సెరిఫ్. దాన్ని లావు చేసి, వంపులు విరిచి మూలలు తేలిస్తే రోడ్డు అవతలి నుంచి కూడా పేరు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెలుగుకు ఆ వెసులుబాటు లేదు. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు, అన్నీ అదే ఫ్లెక్సీ ఎత్తులో ఇమడాలి. నడిమి అక్షరం చిన్నదవుతుంది. చిన్నదాన్నే లావు చేస్తే లోపలి ఖాళీ పూడిపోతుంది. 'ఠ'లో చుక్క కనబడక 'ర' అని చదువుతాం. 'ప'లో తలకట్టు కింది భాగాన్ని తాకదు, 'వ'లో తాకుతుంది. ఆ సందు మూసుకుపోయిందా, పసుపు కొనే వ్యాపారి బోర్డు 'వసుపు' అయి కూర్చుంటుంది. పసుపు పండే ఈ ప్రాంతంలో అది చిన్న తప్పు కాదు.

తెలుగు గుండ్రటి లిపి, దానికి కోణాలు నప్పవు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన శాతవాహన సిముకుని నాణేల మీద ఉన్నది బ్రాహ్మీ లిపి. తెలుగు లిపికి మూలమైన ఆ లిపిలో నిలువు, అడ్డ గీతలే ఎక్కువ. జగిత్యాల, కరీంనగర్‌ల నడుమ గంగాధర దగ్గరి కురిక్యాల గుట్టకు రండి. పదో శతాబ్దంలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ తెలుగు కంద పద్యాలు చెక్కించాడు. అప్పటికి అక్షరాలు వంపు తిరిగాయి. తాటాకు మీద గంటంతో అడ్డంగా తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే గుండ్రదనం వచ్చిందని చెబుతారు. రాయి చీలదు కదా, అయినా అక్కడా వంపులే. అంటే గుండ్రదనం చేతికి అలవాటయింది. అలవాటును తెలిసి మార్చవచ్చు.

మరి మూలలు ఎక్కడ పెట్టాలి? తలకట్టు స్వతహాగా కోణమే. పలక కుంచెతో బోర్డులు రాసిన పెయింటర్ల చేయి ఎక్కడ మలుపు తిరిగేదో అక్కడ మూల తేల్చితే అక్షరం నిలుస్తుంది. 'ల' కడుపును చదరం చేస్తే చెడుతుంది. 'సిరిసిల్ల'లో వరసగా మూడు గుళ్లు. వాటి పైభాగం చదును చేయవచ్చు గానీ, పక్క గుడిని తగలనివ్వకూడదు.

శీర్షికలకు తగిన లావు ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. సిలికానాంధ్ర అందించిన రామభద్రలో కోణాలు లేవు గానీ, లావులోనూ ఖాళీలు ఎలా కాపాడాలో చూపిస్తుంది. 2022లో ఏక్ టైప్ విడుదల చేసిన అనేక్ తెలుగులో లావునూ వెడల్పునూ విడివిడిగా మార్చుకోవచ్చు. రెండూ యూనికోడ్‌వే, కాబట్టి యూనికోడ్ తెలుగును సరిగా చూపే సాఫ్ట్‌వేర్ ఉంటే, ఫైలు మరో కంప్యూటర్‌లో తెరిచినా పాఠం చెడదు.

డీటీపీ సెంటర్లు నడిపేవారికి ఒక మనవి. కొత్త కోణాల ఫాంట్ చేతికొస్తే ముందు ఈ మూడు ఊళ్ల పేర్లూ, పక్కన 'పసుపు' అనీ వేసి, రోడ్డు దాటి నిలబడి చదవండి. తడబడితే ఆ ఫాంట్ వద్దు. తడబడకున్నా, నాలుగైదు మాటలు మించిన చోట వాడకండి.