మిద్దె ఇంటి సొగసు, అద్దె గదికి

హైదరాబాదులోనో బెంగుళూరులోనో కాస్త ఖరీదైన హోటల్లో అడుగుపెట్టండి. గుమ్మం దగ్గరే ఒక ఇత్తడి గంగాళం, అందులో నీళ్ళు, నీళ్ళ మీద బంతిపూలు. గోడకు ఆనించి చెక్కడపు పనితో ఒక తలుపు. అది ఎక్కడికీ తెరుచుకోదు. పైన వేలాడే లాంతరులో కిరసనాయిలు ఉండదు, బల్బు ఉంటుంది. దీనినే ‘వింటేజ్’ అలంకరణ అంటున్నారు. మన అవ్వతాతలు దీనిని ‘ఇల్లు’ అనేవారు.

అంత ఖర్చు లేకుండా, ఎవరింటినీ పడగొట్టకుండా, మనముండే అద్దె గదికి ఆ కళ కొంత తెచ్చుకోవచ్చునా అన్నదే నా ప్రశ్న. వచ్చు. కాని ముందు మిద్దె ఇంటిని కొంచెం అర్థం చేసుకోవాలి.

ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన చూసే కర్నూలు, కడప సీమల్లో వాలు కప్పుతో అంత పనిలేదు. రాతిగోడలు, గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలో కంపో పరచి చౌడుమన్ను దిమ్మిస్తారు. చౌట్లో సోడియం లవణాలుంటాయి. తడి తగలగానే బంకమన్ను రేణువులు విడివడి సందులన్నీ పూడ్చుకుంటాయి, నీళ్ళు కిందికి దిగవు. పైరుకు పనికిరాని మన్నే ఇంటికి గొడుగన్న మాట. వెలుతురుకు కప్పులో గవాక్షి, దీపానికి గోడలో గూడు. రెండడుగుల మందం గోడలో గూడు పెట్టడానికి వేరే ఖర్చేమీ లేదు. అందుకే ఆ ఇళ్ళలో అందం తెచ్చి అతికించినట్టు ఉండదు. పనికోసం చేసినదే చూడముచ్చటగా ఉంటుంది.

నేలమీద నల్లబండ. దేశమంతా ‘కడప బండ’ అని పిలిచే ఈ రాయి సున్నపురాయే. జమ్మలమడుగు దగ్గరి నర్జి పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి ‘నర్జి సున్నపురాయి’ అని పేరు పెట్టారు. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి పలకలుగా విడుస్తారు. 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్ళిన బేతంచెర్ల బండలదీ సున్నపురాతి కుటుంబమే. బెలుం గుహల్ని నీళ్ళు తొలిచింది కూడా ఈ జాతి రాతినే. తమాషా ఏమంటే, గోడమీది తెల్లదనమూ అదే పదార్థం. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే కార్బన్ డయాక్సైడు పోయి సున్నం మిగులుతుంది. నీళ్ళలో వేస్తే పొంగి చల్లారుతుంది. గోడకు పూసినాక గాలిలోంచి ఆ పోయిన వాయువునే మళ్ళీ పీల్చుకొని తిరిగి రాయవుతుంది. కెమిస్ట్రీ లెక్చరరుగారు ఈ సంగతి చెప్పే ఉంటారు. మనం నోట్సు రాసుకొని, పరీక్ష రాసి, మరచిపోయి ఉంటాం.

ఇంటి ఓనరు ఒప్పుకుంటే ఒక గోడకో, పాత గది అయితే ఒక గూటికో సున్నం వేసి చూడండి. ప్లాస్టిక్ పెయింటు పూసిన గోడకు మాత్రం వద్దు, పొట్టులాగా రాలిపోతుంది. కాల్చిన సున్నం కొంటే దానిని నీళ్ళలో కొంచెం కొంచెంగా వెయ్యాలే గాని, దానిమీద నీళ్ళు గుమ్మరించకూడదు. సలసల కాగుతుంది, చింది కంట్లో పడితే చూపు పోయినా పోవచ్చు. ప్లాస్టిక్ బకెట్టూ పనికిరాదు. అసలు మనబోటివాళ్ళం చల్లారిన సున్నం కొనుక్కోవడమే మేలు, అదైనా కళ్ళు జాగ్రత్త. పలుచగా, పాలలాగా కలిపి, గుడ్డలో వడగట్టి, తుమ్మబంక నీళ్ళు కాసిని, చిటికెడు నీలిమందు కలపాలి. (19వ శతాబ్దంలో కడప జిల్లా నీలిమందుకు పేరుపడ్డ సీమ. ఇప్పుడు అంగట్లో దొరికే నీలి వేరే సరుకు, పేరు మాత్రం పాతదే.) గోడను ముందు తడపాలి. మొదటి పూత వేయగానే ఏమీ కనబడదు, డబ్బు దండగైందనిపిస్తుంది. తెల్లారి చూడండి. కింద జానెడు ఎత్తున ఎర్రమన్ను పట్టీ తీస్తే గది మిద్దె ఇంటి పోలికలోకి వచ్చేస్తుంది.

పుస్తకాలకు బీరువా కొనే స్తోమత లేనివాళ్ళకు బండల అంగడే గతి. అక్కడ పక్కకు పడేసిన కడపబండ ముక్కలు రెండు, పది పన్నెండు ఇటుకలు చాలు. అంగుళం మందమున్న చదరపు అడుగు బండ ఆరు కిలోలు తూగుతుంది. మూడడుగుల పలక అంటే పద్దెనిమిది కిలోలు. కాబట్టి గోడకు మేకులు కొట్టి వేలాడదీయకుండా నేలమీదే, మోకాలెత్తులోపల పేర్చుకోవాలి. దీనిమీద నిమ్మరసం, చింతపులుసు ఒలికితే తెల్లమచ్చ పడుతుంది. అది మురికి కాదు, పులుపుకు రాయే కరిగింది. ఎంత తోమినా పోదు. ఇంటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబుకు చింతపండే మెరుగు. అందుకని చెంబును నల్లబండ మీద పెట్టి తోమవద్దు.

ఇక తలుపుల సంగతి. మా ఊళ్ళో ఒక అవ్వ ఇంటికి పాతసామాన్ల బేరగాడు వచ్చినాడు.

“అవ్వా, ఈ తలుపులు ఎట్లా చెదలు తినేటివే. కొత్త ఇనుప తలుపులు బిగించి, పైన డబ్బులిచ్చి పోతా.”

“ద్వారబంధమో?”

“అదీ తీసుకుంటాంలే.”

“అది పీకినాక గోడ నిలబడ్తాదా నాయనా?”

బేరగాడు జవాబు చెప్పలేదు. అవ్వ అడిగింది ఇంజనీరు అడగవలసిన ప్రశ్న. మట్టితో కట్టిన రాతిగోడలో గుమ్మం పైనున్న రాళ్ళ బరువు ద్వారబంధం మీదనే ఉంటుంది. అది కదిలితే పైరాళ్ళు జారతాయి, కప్పు ఒరుగుతుంది, ఒక్క వానకు మిద్దె కూలుతుంది. హోటలు గోడకు ఆనించిన తలుపు వెనక ఇటువంటి ఇల్లొకటి ఉండవచ్చు. ఇంగ్లండులో విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టింది కూడా, బాగుచేసే పేరుతో పాతదనాన్ని గీకి పారేస్తున్నారనే బాధతోనే. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. మంచిపనే. మునిగిన ఊళ్ళలోని మిద్దెలకు ఆ భాగ్యం లేదు.

అయితే, ఏ కారణంగానో ఇల్లు పడగొట్టాక మిగిలిన తలుపును వంటచెరుకు కానివ్వకపోవడం వేరు. లారీ బేకర్ కేరళలో కూల్చిన ఇళ్ళ తలుపులు, కిటికీలు తెచ్చి కొత్త ఇళ్ళకు అమర్చేవాడు. ఆయన చేతిలో తలుపు తలుపుగానే ఉండేది. మనకు తలుపు పెట్టే చోటు లేకపోతే, ఒక రెక్కను ఇటుకల మీద పరచి చదువుకునే బల్ల చేసుకోవచ్చు. ముందు స్క్రూడ్రైవరుతో అక్కడక్కడ పొడిచి చూడండి. లోపలికి దిగబడితే చెదలు తిన్నట్టే. పూతకు మన సీమలో చవకగా దొరికేది శెనగనూనె, కాని అది ఆరదు, జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టుకుంటుంది. అవిసెనూనె గాలికి ఆరి పొర కడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఎండలో ఆరేయాలి.

బల్లముందు కూర్చోవడానికి బొంత ఉండనే ఉంది. అమ్మవి నూలుచీరలు, పాతబడి మెత్తనైనవి మూడో నాలుగో అడగండి. అంచులు పైకి వచ్చేటట్టు పరచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, మధ్యలోంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి. అంచులనుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది. దారం రెండు పేటలు. ఒక్కరే కుడితే నెల పడుతుంది. ఆదివారం నలుగురు మిత్రులు నాలుగువైపులా కూర్చుంటే, మాటల్లోనే సగం అయిపోతుంది.