మీకు తెలుసా? రెండు నొక్కుల వెనక ఎంత చాకిరీ!

సేజ్‌మ్యాథ్ అంటే ఒక్క సాఫ్ట్‌వేర్ కాదు. 2005లో విలియం స్టైన్ మొదలుపెట్టిన ఈ ఉచిత గణిత సరంజామాలో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టిన పారి, జర్మనీలోని ఆకెన్‌లో పుట్టిన గ్యాప్, ఇంకా మాక్సిమా లాంటి ప్రోగ్రాములు డజన్ల కొద్దీ ఉన్నాయి. సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకోవాలంటే గంటలు పడుతుంది. మ్యాక్‌లో మాత్రం ఐకాన్ మీద రెండుసార్లు నొక్కితే చాలు. అందుకోసం దాన్ని తయారుచేసేవాళ్లు లోపలున్న ప్రతి ప్రోగ్రామ్ ఫైలుకీ డిజిటల్ సంతకం పెట్టాలి. ఒక్కటి తప్పినా ఆపిల్ తనిఖీలో మొత్తం వెనక్కే! విండోస్ ల్యాప్‌టాప్ పట్టుకున్న విద్యార్థికి ఆ భోగం లేదు. విండోస్ కోసం సిగ్విన్ అనే సాధనంతో చేసిన ఇన్‌స్టాలర్ సేజ్ 9.3 వెర్షన్‌తోనే ఆగిపోయింది. ఇప్పుడైతే విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుని, అందులో సేజ్ ఎక్కించుకోవాలి.