దేవదాసు తిన్నది పెరుగన్నం!

మా కట్టంగూర్‌లో ఒక దేవదాసు ఉండేవాడు. ఆయన ఎవరో కాదు, మా చిన్నాయనే! ఆయనకు పార్వతీ లేదు, చంద్రముఖీ లేదు. ఉన్నదల్లా మా చిన్నమ్మ, ఇద్దరు పిల్లలు, ఎండిన బోరు, పొద్దుగూకితే కల్లు దుకాణం. అయినా ఊరు ఆయనకు ఆ పేరు పెట్టేసింది. సీసా పట్టినవాడి వెనక ఓ ప్రేమకథ ఉండాలని మనకు సినిమా నేర్పింది మరి!

అన్నట్టు, 1953 నాటి ‘దేవదాసు’లో అక్కినేని కళ్ళలో కనిపించేది ఏమిటో తెలుసా? పెరుగన్నం! రాత్రి షూటింగుకు ముందు కడుపునిండా పెరుగన్నం తినేవాడినని, ఆ నిద్రమత్తే తాగిన మత్తులా కనిపించిందని ఆయనే చెప్పుకున్నారు. ఆ దేవదాసు 2014 దాకా నిండుగా బతికాడు. పార్వతి వేసిన సావిత్రే నిజజీవితంలో మద్యానికి చిక్కింది. 1980లో కోమాలోకి వెళ్ళి, సుమారు 19 నెలలు మంచం మీదే ఉండి, 1981 డిసెంబర్ 26న కన్నుమూసింది. 2018లో ‘మహానటి’ చూసి హాల్లో వెక్కివెక్కి ఏడ్చాం. చిన్నాయన తూలుతుంటే పగలబడి నవ్విందీ మేమే!

మేం చేసిన తప్పు

ఒక దసరాకు ఇంటిల్లిపాదీ కలిసి చిన్నాయనను గదిలో పెట్టి గొళ్ళెం వేశాం. ‘మూడ్రోజులు తాగకుంటే అదే పోతది’ అనుకున్నాం. మర్నాటికి చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు. రెండోరోజు రాత్రి నన్ను పిలిచి, ‘‘గోడ నిండా చీమలురా... నా మీదికొస్తున్నయ్, దులుపురా!’’ అన్నాడు. గోడమీద ఏమీ లేదు. గాలి సోకిందని ఎవరో తాయెత్తు కట్టారు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. అప్పుడు పరుగెత్తాం ఆసుపత్రికి!

డాక్టరుగారు చెప్పింది వింటే గుండె జారింది. మోట తోలేటప్పుడు మోకు తెగితే ఎద్దు ముందుకు బోర్లాపడుతుంది కదా? ఇదీ అంతే. రోజూ మత్తు వెనక్కి లాగుతుంటే మెదడు దానికి ఎదురు గుంజడం అలవాటు చేసుకుంటుంది. మత్తు ఒక్కసారిగా తెగితే అదుపు తప్పుతుంది. ప్రాణమే పోవచ్చు. మా వైపు కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటివి కలిపే పాపం కూడా ఉంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు, అది దొరక్క మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు చేరారు. అది పిచ్చి కాదు, మోకు తెగడమే!

మళ్ళీ మనిషయ్యాడు

ఆసుపత్రిలో మందులు ఇచ్చి క్రమంగా తగ్గించారు. బి1 విటమిను పట్టారు. ఒళ్ళు కుదుటపడ్డాక అసలు ప్రశ్న అడిగారు: ‘‘నిద్ర ఎప్పటినుంచి లేదు?’’ బోరు ఎండిన యేడు నుంచట! లోపల దిగులు జబ్బు, పైన కల్లు. రెంటికీ కలిపి వైద్యం జరిగింది. మధ్యలో రెండుసార్లు మళ్ళీ తాగాడు. తిట్టబోతే డాక్టరే ఆపారు. ‘‘షుగరు పెరిగితే తిడతారా, మందు మారుస్తారా?’’ అన్నారు. చిన్నమ్మ ఒక్కమాటా అనకుండా మళ్ళీ బస్సెక్కించింది.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్ళు ఉంటే గొళ్ళెం వేయకండి, డాక్టరుకు చూపండి. మాన్పించే సలహాకు 14446, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416 ఉన్నాయి.

మొన్న వెళ్తే చిన్నాయన హైవే పక్కన చాయ్ తాగుతున్నాడు. ఎవరో పాత అలవాటుగా ‘‘ఏం దేవదాసూ!’’ అన్నారు. నాకు చివుక్కుమంది. ఆయన మాత్రం నవ్వి, ‘‘ఔ... పెరుగన్నం దేవదాసునే!’’ అన్నాడు.